సైనికుల పిల్లల కాలేజీ చదువు: ఉన్న సాయం, అందుకునే దారి

విద్యార్థుల సాయం కోసం మన సొసైటీకి వచ్చే దరఖాస్తుల్లో "తండ్రి వృత్తి" అని ఒక గడి ఉంటుంది. మూడేళ్ల క్రితం ఆ గడిలో "ప్రైవేటు ఉద్యోగం" అని రాసి ఉన్న దరఖాస్తు ఒకటి నా చేతికి వచ్చింది. అమ్మాయి ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతోంది. మార్కులు బాగున్నాయి. తండ్రి ఒక అపార్ట్‌మెంట్ దగ్గర రాత్రి డ్యూటీ వాచ్‌మన్. ఫీజు బాకీ ఉంది కాబట్టి హాల్ టికెట్ ఇవ్వబోమని కాలేజీవారు అంటున్నారని అమ్మాయి రాసింది.

వివరాలు కనుక్కుందామని వాళ్లింటికి వెళ్లాను. గోడ మీద యూనిఫాంలో ఉన్న ఒక పాత ఫోటో కనిపించింది. ఎవరిదని అడిగితే, "నాదే భాయ్. పదిహేడేళ్లు చేసి నాయక్‌గా వచ్చేశాను" అన్నాడు ఆయన. మేమిద్దరం ఎన్నో జుమాలు ఒకే మసీదులో పక్కపక్కన నిలబడి చదివినవాళ్లం. నేనూ సైన్యంలో క్లర్కుగా చేసి వచ్చినవాణ్ణే. ఆయన మిలిటరీ మనిషని నాకు తెలియదు. ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

మాజీ సైనికుల పిల్లలకు కేంద్రం ఇచ్చే స్కాలర్‌షిప్ కింద ఆ అమ్మాయి నెలకు 3,000 రూపాయలు అడగదగినది. నాలుగేళ్ల కోర్సుకు అది 1,44,000 రూపాయలు. కానీ కోర్సులో చేరిన మొదటి సంవత్సరమే దరఖాస్తు పెట్టాలి. రెండో ఏట వెళితే తీసుకోరు. ఆ సంగతి ఆయనకు చెప్పినప్పుడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. "ఒక్క ఏడాది ముందు కలవాల్సింది భాయ్" అని మాత్రం అన్నాడు. సొసైటీ తన శక్తి మేరకు ఆ ఏడాది ఫీజు సర్దింది. అయినా ఆ మాట నన్ను వదలలేదు. ఈ వ్యాసం దాని కోసమే రాస్తున్నాను. మన ఇళ్లలో, బంధువుల్లో, వీధిలో సైన్యంలో పనిచేసి వచ్చినవారు గాని, వారి భార్యాపిల్లలు గాని ఉంటే దీన్ని వారికి చదివి వినిపించండి.

రెండు వైపులా అందని కుటుంబం

సైన్యంలో సిపాయిగా చేరినవాడు పదిహేనేళ్ల సర్వీసు పూర్తయ్యాక పెన్షన్‌తో బయటికి రావచ్చు. పద్దెనిమిది, ఇరవై ఏళ్ల వయసులో చేరినవాడు నలభై లోపే ఇంటికి వచ్చేస్తాడు. అప్పటికి పిల్లలు ప్రాథమిక బడిలోనో, హైస్కూల్లోనో ఉంటారు. సర్వీసులో ఉండగా పిల్లల చదువు భత్యం వచ్చేది, అదీ పన్నెండో తరగతి వరకే. బయటికి వచ్చాక అదీ ఉండదు. పిల్లలు కాలేజీకి వచ్చే వేళకు తండ్రి చేతిలో ఉండేది పెన్షను, దానికి తోడు ఏదో చిన్న ఉద్యోగం.

ఇక రాష్ట్ర ప్రభుత్వాల ఫీజు రీయింబర్స్‌మెంట్ సంగతి చూద్దాం. దానికి ఆదాయ పరిమితి ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో కుటుంబ ఆదాయం ఏడాదికి 2,50,000 దాటకూడదన్న లెక్క నడుస్తూ వచ్చింది. తెలంగాణలో మైనారిటీ, బీసీ కుటుంబాలకు ఆ పరిమితి పల్లెల్లో 1,50,000, పట్టణాల్లో 2,00,000. నెలకు 21,000 పెన్షన్ వచ్చే ఇంటి ఆదాయం ఏడాదికి 2,52,000 అవుతుంది. అంటే రెండు వేల తేడాతో ఆ ఇల్లు పథకం నుంచి జారిపోతుంది. పెన్షన్ బ్యాంకు ద్వారా వస్తుంది కాబట్టి ఆదాయం కాగితం మీద స్పష్టంగా కనిపిస్తుంది. కూలికో, చిల్లర వ్యాపారానికో పోయే ఇంటికి దొరికే వెసులుబాటు ఈ ఇంటికి దొరకదు. అట్లాగని యాజమాన్య కోటా ఫీజు కట్టగల స్తోమత కూడా లేదు.

ఇటువంటి కుటుంబాలకు సైనిక సంక్షేమం తరఫున ఉన్న సాయమే ముఖ్యమైన ఆసరా. అందులో ప్రధానమైనదానికి ఆదాయ పరిమితి లేదు. తండ్రి చేసిన సర్వీసు, పిల్లల మార్కులు, ఈ రెండే చూస్తారు.

ప్రధానమంత్రి స్కాలర్‌షిప్

దీన్ని క్లుప్తంగా పీఎంఎస్‌ఎస్ అంటారు. 2006-07లో మొదలైంది. 1962లో ఏర్పడిన జాతీయ రక్షణ నిధి నుంచి దీనికి డబ్బు వస్తుంది. ఢిల్లీలోని కేంద్రీయ సైనిక్ బోర్డు దీన్ని నడుపుతుంది. దేశం మొత్తానికి ఏడాదికి 5,500 కొత్త స్కాలర్‌షిప్పులు, అందులో సగం అమ్మాయిలకు, సగం అబ్బాయిలకు. 2019 నుంచి అబ్బాయికి నెలకు 2,500, అమ్మాయికి 3,000 చొప్పున ఇస్తున్నారు. నెలనెలా కాకుండా ఏడాదికి ఒకసారి విద్యార్థి బ్యాంకు ఖాతాలోనే వేస్తారు. అంటే అబ్బాయికి ఏటా 30,000, అమ్మాయికి 36,000.

ఎవరికి? సైన్యం, నౌకాదళం, వాయుసేన, కోస్ట్ గార్డుల నుంచి రిటైరైనవారి పిల్లలకు, ఆ మాజీ సైనికుల భార్యల్లో వితంతువులైనవారికి. విధి నిర్వహణలో మరణించినవారి, అంగవైకల్యం పొందినవారి, శౌర్య పతకాలు పొందినవారి కుటుంబాలకు మొదటి వరుస. ఆ తర్వాత సాధారణంగా రిటైరైనవారి పిల్లలు. ఈ చివరి వర్గంలో ఆఫీసర్ల పిల్లలకు చోటు లేదు, సిపాయి నుంచి జేసీవోల వరకే. మనవాళ్లలో ఎక్కువమంది వచ్చేది ఈ వర్గంలోనే. ఇక్కడ ఎంపిక మార్కుల ప్రకారం జరుగుతుంది.

ఏ చదువుకు? బీటెక్, ఎంబీబీఎస్, బీడీఎస్, బీఫార్మసీ, బీఈడీ, బీబీఏ, బీసీఏ, ఎంబీఏ, ఎంసీఏ వంటి వృత్తి విద్యా కోర్సులకు. ఆ కోర్సుకు సంబంధిత కేంద్ర సంస్థ గుర్తింపు ఉండాలి. మామూలు బీఏ, బీకాం, బీఎస్సీలకు వర్తించదు. దూరవిద్యకు, విదేశాల్లో చదువుకు వర్తించదు.

మార్కులు ఎన్ని? కోర్సులో చేరడానికి కావలసిన కనీస చదువులో 60 శాతం. బీటెక్‌కు ఇంటర్మీడియట్ మార్కులు చూస్తారు కాబట్టి, ఎంపీసీలో 1000కి 600 ఉండాలి. డిప్లొమా చేసి వచ్చినవారికి డిప్లొమా మార్కులు, బీఈడీ, ఎంబీఏలకు డిగ్రీ మార్కులు. ఎంసెట్‌లో ఎంత మంచి ర్యాంకు వచ్చినా ఇంటర్‌లో 60 శాతం లేకపోతే ఈ స్కాలర్‌షిప్ రాదు. కోచింగ్ మీదే ధ్యాసపెట్టి ఇంటర్ పరీక్షలను తేలిగ్గా తీసుకునే పిల్లలకు ఈ మాట ముందే చెప్పాలి. ఎంపికైన తర్వాత కూడా ఏటా కనీసం 50 శాతం మార్కులతో పాసవుతూ ఉండాలి, ఏటా రెన్యువల్ దరఖాస్తు పెడుతూ ఉండాలి. ఒకసారి వచ్చింది కదా, ఇక దానంతటదే వస్తుందని ఊరుకుంటే ఆగిపోతుంది.

దరఖాస్తు కేంద్రీయ సైనిక్ బోర్డు వెబ్‌సైట్‌లో ఆన్‌లైన్‌లోనే పెట్టాలి. దాన్ని జిల్లా స్థాయిలో సైనిక సంక్షేమ కార్యాలయంవారు పరిశీలించి పైకి పంపుతారు. ముఖ్యంగా మూడు సర్టిఫికెట్లు నిర్ణీత నమూనాలో కావాలి. మాజీ సైనికుడని సైనిక సంక్షేమ కార్యాలయం ఇచ్చేది ఒకటి, విద్యార్థి చదువుతున్నట్టు కాలేజీ ఇచ్చే బోనఫైడ్ ఒకటి, ఖాతాకు ఆధార్ అనుసంధానమైందని బ్యాంకు ఇచ్చేది ఒకటి. వీటితోపాటు డిశ్చార్జి బుక్కు, పీపీవో, మాజీ సైనికుడి గుర్తింపు కార్డు, పదో తరగతి, ఇంటర్ మెమోలు, విద్యార్థి ఆధార్, పాస్‌బుక్ మొదటి పేజీ సిద్ధంగా ఉంచుకోవాలి. బోనఫైడ్ సర్టిఫికెట్ కాలేజీ తన సొంత నమూనాలో ఇస్తే పనికిరాదు. వెబ్‌సైట్ నుంచి నమూనా ప్రింట్ తీసి, దాని మీదే ప్రిన్సిపాల్ సంతకం, ముద్ర వేయించాలి.

డిగ్రీ చదివే పిల్లలకు

బీఏ, బీకాం, బీఎస్సీ చదివే పిల్లలు ఏం చేయాలి? వారికి రక్షామంత్రి మాజీ సైనికుల సంక్షేమ నిధి నుంచి విద్యా గ్రాంటు ఉంది. ప్రతి ఏటా డిసెంబరు 7న, 1949 నుంచి జరుపుతున్న సాయుధ దళాల పతాక దినం నాడు మన చొక్కాలకు చిన్న జెండా గుచ్చి చందా తీసుకుంటారు కదా, ఆ నిధిలో నుంచే ఇది వస్తుంది.

ఇది హవల్దారు, దానికి సమానమైన హోదా వరకు పనిచేసి రిటైరైనవారి పిల్లలకు. ఇద్దరు పిల్లల వరకు, ఒకటో తరగతి నుంచి డిగ్రీ దాకా ఇస్తారు. రెండేళ్ల పీజీ చదవదలచిన సైనిక వితంతువులకు కూడా ఇస్తారు. చాలాకాలం ఇది నెలకు 1,000 రూపాయలుగా ఉండేది. 2025 నవంబరు 1 నుంచి వచ్చే దరఖాస్తులకు దాన్ని 2,000 చేశారు. ఇద్దరు పిల్లలుంటే ఏడాదికి 48,000. చిన్న పట్టణంలో డిగ్రీ చదువుకు ఇది తక్కువ మొత్తమేమీ కాదు. పిల్ల ముందు తరగతి పాసై ఉండాలి. అదే చదువుకు రాష్ట్రం నుంచి గాని, ప్రస్తుతం ఉద్యోగం ఇచ్చినవారి నుంచి గాని సాయం తీసుకోవడం లేదని రాసివ్వాలి.

ఇక్కడ ఒక మాట. 1965 యుద్ధంలో ఖేమ్‌కరణ్ దగ్గర శత్రు ట్యాంకులను ఎదుర్కొని ప్రాణాలిచ్చి, పరమవీర చక్ర పొందిన అబ్దుల్ హమీద్ హోదా హవల్దారే. సభల్లో ఆయన పేరు గర్వంగా తలుచుకుంటాం, తలుచుకోవాలి కూడా. అదే హోదాలో దిగివచ్చిన మనిషి మన వీధిలో వాచ్‌మన్‌గా ఉంటే, ఆయన బిడ్డ ఫీజు సంగతి అడగడం కూడా ఆ గౌరవంలో భాగమే.

ప్రాణాలిచ్చినవారి పిల్లలకు

యుద్ధంలో, సైనిక చర్యల్లో మరణించినవారి, ఆచూకీ తెలియకుండా పోయినవారి, శాశ్వత వైకల్యం పొందినవారి పిల్లలకు వేరే ఏర్పాటు ఉంది. 1971 యుద్ధం తర్వాత వచ్చిన ఈ ఏర్పాటు కింద ట్యూషన్ ఫీజు పూర్తిగా తిరిగి ఇస్తారు. హాస్టల్ ఖర్చు, పుస్తకాలు, యూనిఫాం వంటివి కూడా నిర్ణయించిన మేరకు ఇస్తారు. దేశంలోనే చదవాలి, మొదటి డిగ్రీ దాకా వర్తిస్తుంది. 2017లో ట్యూషన్, హాస్టల్ కలిపి నెలకు 10,000 మించకూడదని పరిమితి పెట్టారు. సైనిక కుటుంబాల నుంచి, సేనాధిపతుల నుంచి అభ్యంతరం రావడంతో 2018 మార్చిలో దాన్ని తీసేశారు. ఇప్పటికీ "పదివేల వరకే ఇస్తారట" అని చెప్పేవారున్నారు. ఆ మాట నమ్మి వెనక్కి తగ్గవద్దు.

ఈ కుటుంబాల పిల్లలకు ఐఐటీల్లోనూ ప్రాధాన్యం ఉంది. పోరులో మరణించిన లేదా శాశ్వత వైకల్యం పొందిన సైనికుల, అర్ధసైనిక దళాలవారి పిల్లల కోసం ఒక్కో ఐఐటీలో రెండేసి సీట్లు ఉంటాయి. జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో అర్హత పొంది ఉండాలి, ఆ విభాగం కింద నమోదు చేసుకుని ఉండాలి.

సీటు దొరికితే సగం ఫీజు తగ్గినట్టే

సాయం అంటే చేతికొచ్చే డబ్బే కాదు. కన్వీనర్ కోటాలో సీటు రావడానికీ, అదే కాలేజీలో యాజమాన్య కోటాలో సీటు కొనుక్కోవడానికీ ఉన్న తేడా లక్షల్లో ఉంటుంది. అందుకే సీట్ల రిజర్వేషన్‌ను కూడా ఆర్థిక సాయంగానే చూడాలి.

మన రెండు రాష్ట్రాల ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు) ఇంజనీరింగ్ ప్రవేశాల్లో సాయుధ దళాలవారి పిల్లలకు 2 శాతం సీట్లు ఉన్నాయి. దీన్ని క్యాప్ కోటా అంటారు. మాజీ సైనికుల పిల్లలతోపాటు సర్వీసులో ఉన్నవారి పిల్లలకు, బీఎస్‌ఎఫ్, సీఆర్‌పీఎఫ్‌లవారి పిల్లలకు కూడా వర్తిస్తుంది. రాష్ట్రంలో నివాసానికి ఆధారం చూపాలి. కౌన్సెలింగ్‌లో ప్రత్యేక కేటగిరీల సర్టిఫికెట్ల పరిశీలనకు వేరే తేదీలు, వేరే కేంద్రం ప్రకటిస్తారు. మామూలు హెల్ప్‌లైన్ సెంటర్‌కు వెళ్లి వచ్చి పని అయిపోయిందనుకుంటే ఈ కోటా పోయినట్టే. దరఖాస్తు నింపేటప్పుడే క్యాప్ గడిలో టిక్ పెట్టాలి, ప్రకటించిన రోజున అసలు కాగితాలతో హాజరు కావాలి.

ఎంబీబీఎస్, బీడీఎస్‌లలో కేంద్ర కోటా నుంచి కొన్ని సీట్లు రక్షణ శాఖకు ఇస్తారు. వాటిని కేంద్రీయ సైనిక్ బోర్డు ద్వారా నీట్ మార్కులు, ప్రాధాన్య వర్గాల ప్రకారం నింపుతారు. సీట్లు కొద్దే, పోటీ ఎక్కువ. అయినా నీట్ రాసిన పిల్ల దరఖాస్తు పెట్టడంలో పోయేదేమీ లేదు. ఢిల్లీ విశ్వవిద్యాలయంలోనూ సాయుధ దళాలవారి పిల్లలకు, వితంతువులకు 5 శాతం సీట్లు ఉన్నాయి.

ఇవి కాక, ఆర్మీ వెల్ఫేర్ ఎడ్యుకేషన్ సొసైటీ నడిపే కాలేజీలు ఉన్నాయి. పుణెలోని ఆర్మీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ, ఢిల్లీ కంటోన్మెంట్‌లోని ఆర్మీ కాలేజ్ ఆఫ్ మెడికల్ సైన్సెస్, మొహాలీలోని ఆర్మీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ లా వాటిలో కొన్ని. మనకు దగ్గరలో సికింద్రాబాద్‌లో ఆర్మీ కాలేజ్ ఆఫ్ డెంటల్ సైన్సెస్ ఉంది. ఇవి నౌకాదళం, వాయుసేనవారి కోసం కాదు, ముఖ్యంగా ఆర్మీవారి పిల్లల కోసం పెట్టినవి. జేఈఈ మెయిన్, నీట్ వంటి జాతీయ పరీక్షల ర్యాంకులతోనే ప్రవేశం. పోటీ బయటి పిల్లలందరితో కాకుండా ఆర్మీ పిల్లల మధ్యే ఉంటుంది కాబట్టి మధ్యస్థమైన ర్యాంకు వచ్చినవారికీ అవకాశం ఉంటుంది.

పేరులో ఒక అక్షరం

పథకాల సంగతి తెలిసినవారికి కూడా మన ఇళ్లలో ఎక్కువగా పని చెడగొట్టేది పేర్ల తేడా. తండ్రి భర్తీ అయినప్పుడు ఉత్తరాది క్లర్కు ఎవరో "షేఖ్" అని ఒక స్పెల్లింగులో రాసి ఉంటాడు. పిల్ల పదో తరగతి మెమోలో "షేక్" అని మరో స్పెల్లింగులో ఉంటుంది. ఆధార్‌లో ఉట్టి "ఎస్‌కే" అని ఉంటుంది. మహమ్మద్ ఒకచోట "ఎండీ", ఒకచోట "మొహమ్మద్". ఇంటిపేరు ముందు రాయడం మన అలవాటు, చివర రాయడం సైన్యం అలవాటు. తల్లి పేరు చివర ఒకచోట "బీ", ఒకచోట "బేగం", ఒకచోట ఏమీ ఉండదు. మనకు అందరూ ఒకే మనిషి. కంప్యూటర్‌కు మాత్రం ముగ్గురు.

దీనికంటే పెద్ద చిక్కు, పిల్ల పేరు సర్వీసు రికార్డులో అసలు లేకపోవడం. సైన్యంలో పెళ్లి, బిడ్డ పుట్టడం వంటి ప్రతి సంగతీ పార్ట్ టూ ఆర్డర్ ద్వారా రికార్డుకు ఎక్కాలి. బిడ్డ పుట్టినప్పుడు తండ్రి సరిహద్దులో ఉండి, పేరు పెట్టకముందే "కూతురు" అని మాత్రం రాయించి, తర్వాత మరిచిపోయిన సందర్భాలు క్లర్కుగా నేను చాలా చూశాను. పుట్టిన తేదీ బడిలో ఒకటి, రికార్డులో ఒకటి ఉన్నవి ఇంకా ఎక్కువ.

సర్వీసులో ఉండగా అయితే ఇవన్నీ యూనిట్ ఆఫీసులోనే సరిచేయించుకోవచ్చు. కాబట్టి ఇప్పుడు సర్వీసులో ఉన్న అబ్బాయిలు సెలవు మీద వచ్చినప్పుడు వారికి చెప్పండి, డిశ్చార్జికి ముందే భార్యాపిల్లల పేర్లు, తేదీలు ఆధార్‌తో, బడి రికార్డుతో సరిపోయేట్టు చూసుకోమని. రిటైరైనవారు సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా తమ రెజిమెంట్ రికార్డ్ ఆఫీసుకు రాయాలి. పుట్టిన తేదీ సర్టిఫికెట్, పదో తరగతి మెమో, ప్రమాణపత్రం జతచేయాలి. పెన్షన్ వివరాలు ఇప్పుడు స్పర్శ్ అనే ఆన్‌లైన్ వ్యవస్థలో ఉన్నాయి కాబట్టి అక్కడ కుటుంబ సభ్యుల పేర్లు ఎలా ఉన్నాయో ఒకసారి తెరిచి చూసుకోవాలి. ఇదంతా నెలలు పట్టే పని. స్కాలర్‌షిప్ గడువుకు వారం ముందు మొదలుపెడితే పూర్తి కాదు. పిల్ల పదో తరగతిలో ఉన్నప్పుడే మొదలుపెట్టాలి.

ఎవరికి వర్తించదో కూడా తెలియాలి

సర్వీసులో ఉన్న జవాన్ల పిల్లలకు పీఎంఎస్‌ఎస్ వర్తించదు. అది మాజీ సైనికుల కుటుంబాలకు. తండ్రి రిటైర్మెంట్ తేదీకీ, పిల్ల కోర్సులో చేరే సంవత్సరానికీ ఉన్న సంబంధాన్ని ముందే చూసుకోవాలి.

బీఎస్‌ఎఫ్, సీఆర్‌పీఎఫ్, సీఐఎస్‌ఎఫ్, ఐటీబీపీ, ఎస్‌ఎస్‌బీ, అస్సాం రైఫిల్స్‌లలో చేసినవారిని కూడా మనం "మిలిటరీ ఆయన" అనే పిలుస్తాం. కానీ వారు హోం శాఖ కిందికి వస్తారు. సైనిక్ బోర్డుకు దరఖాస్తు పెడితే తిరిగి వస్తుంది. వారి పిల్లల కోసం అవే రేట్లతో ఏడాదికి 2,000 స్కాలర్‌షిప్పులు వేరుగా ఉన్నాయి. దరఖాస్తు నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్ ద్వారా పెట్టాలి. ఉగ్రవాదుల, మావోయిస్టుల దాడుల్లో మరణించిన రాష్ట్ర పోలీసుల పిల్లలకు కూడా 2019లో ఏడాదికి 500 చొప్పున కేటాయించారు.

2022లో వచ్చిన అగ్నిపథ్ కింద చేరిన అగ్నివీరుల సంగతి వేరు. నాలుగేళ్లకు బయటికి వచ్చేవారికి పెన్షన్ లేదు, మాజీ సైనికుడి హోదా లేదు. సుమారు 11.71 లక్షల సేవానిధి మాత్రం చేతికి వస్తుంది. ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ల వయసులో అంత డబ్బు ఒక్కసారిగా చూసిన కుర్రాడు దాన్ని బండికో, ఇంటి మీద మరో అంతస్తుకో పెట్టకముందే, ఆగిపోయిన డిగ్రీ పూర్తిచేయడానికి కొంత పక్కన పెట్టమని పెద్దలు చెప్పాలి. అతని చదువుకు అతనే స్కాలర్‌షిప్.

డబ్బు వచ్చేలోపు

పీఎంఎస్‌ఎస్‌లో ఎంపికైనా ఒక ఇబ్బంది మిగులుతుంది. కాలేజీ ఫీజు చేరినరోజే కట్టాలి. స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు చేరిన తర్వాతే పెట్టగలం. పరిశీలన, ఎంపిక జాబితా, డబ్బు ఖాతాలో పడటం, వీటన్నిటికీ నెలలు గడుస్తాయి. ఈ మధ్య కాలంలోనే తల్లి నగలు తాకట్టుకు పోతాయి, నెలవారీ వడ్డీకి అప్పులు పుడతాయి. ఏడాది చివర వచ్చిన 36,000లో వడ్డీకే కొంత పోతే సాయం సగమైనట్టే.

నా దృష్టిలో మన సొసైటీల వంటివి నిజంగా ఉపయోగపడగల చోటు ఇదే. ఈ కుటుంబానికి దానం అక్కర్లేదు, చాలామంది మాజీ సైనికులు చేయి చాచడానికి ఇష్టపడరు కూడా. రావలసిన డబ్బు ఉంది, రావడం ఆలస్యమవుతుంది, అంతే. ఆ కొద్ది నెలలకు కర్జె హసనాగా, వడ్డీ లేని చేబదులుగా ఇస్తే, స్కాలర్‌షిప్ ఖాతాలో పడగానే తిరిగి వస్తుంది. అదే డబ్బు మరుసటి ఏడాది ఇంకో బిడ్డకు పనికొస్తుంది. ఇచ్చేముందు దరఖాస్తు నిజంగా ఆన్‌లైన్‌లో పడిందా, సైనిక సంక్షేమ కార్యాలయం పరిశీలన అయిందా అని చూసుకుంటే చాలు.

ఏ వేళకు ఏం చేయాలి

పిల్ల పదో తరగతిలో ఉండగా: డిశ్చార్జి బుక్కు, పీపీవో, ఆధార్, బడి రికార్డు నాలుగూ పక్కపక్కన పెట్టి పేర్లు, తేదీలు చూడండి. తేడా ఉంటే అప్పుడే మొదలుపెట్టండి. సైనిక సంక్షేమ కార్యాలయంలో పేరు నమోదు కాకపోతే చేయించుకుని గుర్తింపు కార్డు తీసుకోండి.

ఇంటర్‌లో ఉండగా: 60 శాతం లక్ష్యం మరవకండి. పిల్ల పేరున బ్యాంకు ఖాతా తెరిచి ఆధార్ అనుసంధానం చేయించండి.

ప్రవేశ పరీక్ష దరఖాస్తు, కౌన్సెలింగ్ వేళ: క్యాప్ కోటా గుర్తుపెట్టండి. ప్రత్యేక కేటగిరీ పరిశీలన తేదీ ఏ రోజో కనుక్కోండి.

కాలేజీలో చేరిన వారంలో: నమూనా ప్రకారం బోనఫైడ్ తీసుకోండి. పీఎంఎస్‌ఎస్ గడువు ఏటా మారుతుంది కాబట్టి సైనిక్ బోర్డు వెబ్‌సైట్ చూస్తూ ఉండండి. చివరి రోజు దాకా ఆగవద్దు.

ఒకే బిడ్డకు రెండు చోట్ల సాయం అడిగేముందు సైనిక సంక్షేమ కార్యాలయంలో అడిగి తెలుసుకోండి. దాచి తీసుకుంటే ఆ తర్వాత తిరిగి కట్టాల్సి రావచ్చు. తండ్రి లేని ఇళ్లలో ఈ పనులన్నీ తల్లి మీద పడతాయి. ఆఫీసుకు ఒంటరిగా వెళ్లడానికి జంకే తల్లులు ఉన్నారు. బంధువుల్లో ఎవరైనా ఒక పూట తోడు వెళ్లడం కూడా సాయమే.

ఇక మొదట చెప్పిన కుటుంబం సంగతి. ఆ అమ్మాయికి దొరకని స్కాలర్‌షిప్‌కు, ఇంటర్‌లో ఉన్న ఆమె తమ్ముడికి ఇంకా వేళ మించలేదు. రికార్డులో అతని పుట్టిన నెల తప్పుగా ఉంది. రికార్డ్ ఆఫీసుకు కాగితాలు పంపి, మూడు నాలుగు ఉత్తరాలు తిరిగాక అది సరైంది. బీటెక్‌లో చేరిన నెలలోనే అతని దరఖాస్తు అక్కే కూర్చుని నింపింది.

మన దరఖాస్తు ఫారంలో "తండ్రి వృత్తి" గడి పక్కన ఇంకో ప్రశ్న చేర్చాలని కమిటీవారిని కోరుతున్నాను: "మీ కుటుంబంలో ఎవరైనా సైన్యంలో గాని, కేంద్ర బలగాల్లో గాని పనిచేశారా?" ఫారం అచ్చయ్యేదాకా ఆగనక్కర్లేదు. ఈసారి జుమా తర్వాత పక్కన కూర్చున్న ఆయన్ని నోటితోనే అడగవచ్చు.